రాటిల్ స్నేక్ చుట్టం మన రంగూన్‌లో

పిల్లలూ!

మన బడిలో 'ప' గుణింతం చెప్పుకునే రోజున బోర్డు మీద "పాము" అని రాశానో లేదో, పాఠం కాస్తా పక్కకు వెళ్ళిపోయింది. ఒకరు త్రాచు అన్నారు, ఒకరు కొండచిలువ అన్నారు. వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "మాస్టారూ, టీవీలో తోక ఆడించి గలగలమని చప్పుడు చేసే పాము ఉంటుంది కదా, అది రంగూన్‌లో ఎక్కడ దొరుకుతుంది?" బడి వదిలే వేళయింది కాబట్టి ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. కానీ ఇది తీరిగ్గా చెప్పుకోవలసిన సంగతి. పెద్దలు కూడా చదవవచ్చు. చివరి భాగం ముఖ్యంగా వాళ్ళకే.

ఆ రెండు ముక్కలు ఇవి. రాటిల్ స్నేక్ రంగూన్‌లో లేదు, దాని చుట్టం ఉంది. ఆ చుట్టానికి గిలక లేదు.

ముందు అసలు రాటిల్ స్నేక్ సంగతి చూద్దాం. రాటిల్ అంటే పసిపిల్లలు ఆడుకునే గిలక్కాయ. ఈ పాములు అమెరికా ఖండాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేవు. ఉత్తరాన కెనడా దక్షిణపు అంచు నుంచి దక్షిణాన అర్జెంటీనా దాకా సుమారు 50 జాతులు ఉన్నాయి. ఒక్క అరిజోనా రాష్ట్రంలోనే 13 జాతులు ఉన్నాయి. సినిమాల్లో ఎప్పుడూ ఇసుక, ముళ్ళ జెముడు, ఎండ చూపిస్తారు కాబట్టి ఇది ఎడారి పామే అనుకుంటాం. అది సగమే నిజం. గడ్డి మైదానాల్లో ఉండేవి ఉన్నాయి, తూర్పు రాష్ట్రాల అడవుల్లో రాళ్ళ గుట్టల మీద ఉండేవి ఉన్నాయి. మసాసాగా అనే చిన్న రకం బురద నేలల్లో, చిత్తడి గడ్డిలో బతుకుతుంది. నాతో చదువుకున్న వాళ్ళు చాలామంది అరిజోనా, టెక్సాస్‌లలో స్థిరపడ్డారు. అక్కడ పెరట్లోకి రాటిల్ స్నేక్ రావడం పెద్ద వార్తేమీ కాదట, మనకు ఇంట్లోకి తొండ వచ్చినట్టే మాట్లాడతారు!

దాని తోక చివర ఉండేది మన గోళ్ళు, వెంట్రుకలు ఏ పదార్థంతో తయారవుతాయో ఆ పదార్థమే. బోలు ఉంగరాలు ఒకదానిలో ఒకటి వదులుగా ఇరుక్కుని ఉంటాయి. లోపల గులకరాళ్ళు గానీ గింజలు గానీ ఏమీ ఉండవు. ఉంగరాలు ఒకదానికొకటి కొట్టుకోవడం వల్లే చప్పుడు వస్తుంది. పుట్టిన పిల్లకు చివర ఒక చిన్న బొడిపె మాత్రమే ఉంటుంది, చప్పుడు రాదు. కుబుసం విడిచినప్పుడల్లా ఒక ఉంగరం చేరుతుంది. ఉంగరాలు లెక్కపెట్టి పాము వయసు చెప్పవచ్చని కొందరు అంటారు. అది తప్పు. ఏడాదికి రెండు మూడుసార్లు కుబుసం విడవవచ్చు, పైగా పాత ఉంగరాలు రాళ్ళకు తగిలి విరిగిపోతూ ఉంటాయి.

2021లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఇంకో తమాషా తెలిసింది. మనం దగ్గరకు వస్తున్న కొద్దీ రాటిల్ స్నేక్ చప్పుడు వేగం పెంచుతూ పోతుంది. సెకనుకు సుమారు 40 సార్ల దాకా మెల్లగా పెరిగి, ఉన్నట్టుండి 60 నుంచి 100 సార్లకు దూకుతుంది. వినే మనిషి పాము ఇంకా దూరంలో ఉన్నా పక్కనే ఉందనుకుని ఆగిపోతాడు. కారు వెనక్కి తీస్తుంటే గోడ దగ్గరైన కొద్దీ బీప్ బీప్ అని త్వరత్వరగా మోగే పరికరం ఉంటుంది చూశారా, ఈ పాము దానికంటే ఒక మెట్టు తెలివైనది. ఎందుకంటే ఇది ఉన్న దూరం కంటే తక్కువ దూరం చూపిస్తుంది. కావాలనే!

మరి అడవిలో దీన్ని ఎలా వెతుకుతారు? చలి ప్రాంతాల్లో శీతకాలం అంతా ఈ పాములు బండల లోపలి సందుల్లో గుంపుగా తలదాచుకుంటాయి. ఏటా అదే చోటికి తిరిగి వస్తాయి. పిల్లపాములు పెద్దవాటి వాసన జాడ పట్టుకుని ఆ చోటు తెలుసుకుంటాయి. కాబట్టి వసంతంలో అవి బయటికి వచ్చి ఎండ కాచుకునే రోజుల్లో, దక్షిణం వైపు ఎండ బాగా తగిలే బండలను దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తారు. ఎడారిలో పద్ధతి వేరు. వేసవి పగలు పాము కూడా బయటికి రాలేదు. వాన పడిన సాయంత్రాలు, చీకటి పడ్డాక, వేడి ఇంకా మిగిలిన తారు రోడ్ల మీద కారు చాలా మెల్లగా నడుపుతూ హెడ్‌లైట్ల వెలుగులో వెతుకుతారు. రాయి కదపవలసి వస్తే చేతితో కాకుండా కొక్కెం కర్రతో, తమ వైపుకు ఎత్తుతారు. అప్పుడు రాయే మనిషికీ పాముకీ మధ్య అడ్డుగా ఉంటుంది. చూశాక రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేస్తారు. అది పాము ఇల్లు కదా. ఆ సందుల్లోకి పెట్రోలు ఆవిరి పట్టి పాముల్ని బయటికి లాగే వాళ్ళు కూడా అమెరికాలో ఉన్నారు. అది వెతకడం కాదు, ఇల్లు తగలబెట్టి లోపల ఎవరున్నారని అడగడం.

ఇప్పుడు చుట్టరికం దగ్గరకు వద్దాం. రాటిల్ స్నేక్ మొహాన్ని పక్కనుంచి చూస్తే కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య ఇంకో గుంట కనిపిస్తుంది. ఈ గుంట ఉన్న పాములను ఇంగ్లీషులో పిట్ వైపర్లు అంటారు, మనం గుంటపింజరులు అనుకుందాం. ఆ గుంట మొదట ఎవరి దృష్టిలో పడిందో గానీ, దాని మీద తొలిరోజుల్లోనే రాసిన వాళ్ళలో ఒకాయనకు మన విశాఖపట్నంతో సంబంధం ఉంది. అందుకని కథ కాసేపు అటు తిప్పుతాను.

ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండ్ దేశపు వైద్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఉండి, 1785 నుంచి ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసు ప్రాంతపు మొక్కలను, జీవాలను పరిశీలించే ఉద్యోగం చేశాడు. పాము కాటుతో జనం చనిపోవడం చూసి, విషం ఉన్నవేవో లేనివేవో సామాన్యుడికి తెలిసేలా చెయ్యాలని పూనుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం కోరమాండల్ తీరపు పాముల గురించినది. అందులో రంగుల బొమ్మలు ఉన్నాయి. మనకు నచ్చే విషయం ఏమిటంటే బొమ్మల పక్కన చాలాచోట్ల తెలుగు పేర్లే ఉన్నాయి! ఆయన విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. జెర్రిపోతు ఉంది, పసిరిక పాము ఉంది, కొండచిలువకు "పెద్ద పొడ" ఉంది. ఒంటి మీద నల్లటి అంచుల మచ్చలు వరసగా ఉండే పింజరికి "కాటుక రేకుల పొడ" అని ఉంది. పొడ అంటే ఒంటి మీది మచ్చ. ఇంత చక్కని పేరు పెట్టిన మన పల్లెటూరి మనిషి ఎవరో పుస్తకంలో లేదు. తరవాత ఆ పాముకు శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరు పెట్టారు. మనం రక్తపింజరి అంటున్నది దాన్నే.

నల్లటి, పచ్చటి పట్టీలు ఉన్న పామును ఆయనకు "బంగారు పాము" అని చెప్పారు. ఆ మాటలోంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రనామం 1803లో వచ్చింది. చైనాలో అయినా వియత్నాంలో అయినా ఏ శాస్త్రజ్ఞుడు కట్లపాము గురించి రాసినా తెలుగు మాటతోనే మొదలుపెట్టాలి. మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

ఆకుపచ్చ గుంటపింజరి కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆయన రాసుకున్న అక్షరాలను తిరిగి తెలుగులో చదివితే "బోద్రు పాము" లాగా వినిపిస్తుంది. తూర్పు కనుమల్లో వెదురు పొదల్లో ఉండే పాము అది. 1804లో రస్సెల్ లండన్ రాయల్ సొసైటీ పత్రికలో కన్ను, ముక్కుల మధ్య ఉండే ఆ గుంట గురించి ప్రత్యేకంగా రాశాడు. అది ఎందుకుందో మాత్రం అప్పట్లో ఎవరికీ అంతు పట్టలేదు. 1937లో అమెరికాలో నోబుల్, ష్మిత్ అనే ఇద్దరు రాటిల్ స్నేక్ కళ్ళు కప్పేసి, గుడ్డ చుట్టిన కరెంటు బల్బులు దాని ముందు పెట్టారు. పాము చల్లటి బల్బును వదిలి వేడి బల్బును కాటేసింది! ఆ గుంటలో పలచటి పొర ఒకటి ఉంటుంది. డిగ్రీలో వెయ్యో వంతుల తేడాను కూడా అది పసిగడుతుంది. వేడిని నరానికి అందించే అణువు ఏదో 2010లో తేలింది. అంటే కటిక చీకట్లో కూడా వెచ్చటి ఎలుక ఈ పాముకు దీపంలా కనిపిస్తుందన్నమాట. మనుషులు లక్షలు పోసి కొనే థర్మల్ కెమెరా దాని మొహం మీద పుట్టుకతోనే ఉంది.

ఆ కెమెరా ఉన్న పాము మన రంగూన్ చుట్టుపక్కల కూడా ఉంది. బర్మీయులు ఆకుపచ్చ గుంటపింజరిని "మ్వే సెయిన్ మీ చౌక్" అంటారు. మ్వే అంటే పాము, సెయిన్ అంటే ఆకుపచ్చ, మీ చౌక్ అంటే ఎండిన తోక. ఒళ్ళంతా పచ్చగా ఉండి తోక మాత్రం ఎండుటాకు రంగులో ఉంటుంది. చూశారా, పల్లెటూరి మనిషి ఎక్కడైనా ఒకటే. గోదావరి దగ్గర కాటుక రేకులు చూసినవాడి కన్నూ ఐరావతి దగ్గర ఎండిన తోక చూసినవాడి కన్నూ ఒకలాంటివే.

ఇందులో కొత్త సంగతి ఒకటుంది. పడమటి వైపున ఎర్రతోక గుంటపింజరి ఉంది, దానికి వీపు మీద మచ్చలు ఉండవు. దక్షిణాన మడ అడవుల గుంటపింజరి ఉంది, దానికి ముదురు మచ్చలు ఉంటాయి. మన ఐరావతి డెల్టాలో, రంగూన్ ప్రాంతంలో దొరికేవి మాత్రం రెండింటి పోలికలతో ఉండేవి. కొన్ని మచ్చలతో, కొన్ని మచ్చలు లేకుండా. ఇవి ఆ రెండింటి సంకరమేమో అనుకునేవారు. జన్యువులను పూర్తిగా పోల్చి చూశాక ఇది విడిగా మూడో జాతి అని తేలింది. 2024లో దానికి ఐరావతి నది పేరు పెట్టారు. ఇంతమంది తిరిగే మహానగరం పక్కన, మన కళ్ళ ఎదురుగా ఉన్న పాము 2024 దాకా పేరు లేకుండా ఉండిపోయింది!

మన పూర్వీకులు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కి ఇక్కడికి వచ్చారు. అందుకే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవారు. కోరంగిలో ఉన్నదీ మడ అడవే, ఇక్కడి సముద్రపు అంచున ఉన్నదీ మడ అడవే. బురద, కొమ్మలు, పోటూ పాటూ వాళ్ళకు కొత్త కాదు. మనకే కొత్త.

ఈ పామును వెతికే పద్ధతి రాటిల్ స్నేక్ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. రాటిల్ స్నేక్ కనబడకపోయినా వినబడుతుంది. ఇది వినబడదు. పగలు ఆకుల్లో ఆకులా చుట్టుకుని పడుకుంటుంది. రాత్రి కొమ్మ మీద తల కిందకి పెట్టి, కప్పో ఎలుకో బల్లో వచ్చేదాకా గంటల తరబడి కదలకుండా కాచుకుంటుంది. మనం పక్కనుంచి పోయినా పారిపోదు. శాస్త్రజ్ఞులు రాత్రిపూట నుదుటి దీపం పెట్టుకుని, కాలువ గట్ల వెంట, ఒక్కో కొమ్మా చూసుకుంటూ గంటకు కొద్ది దూరమే నడుస్తారు. తల ఎత్తు కొమ్మలు కూడా చూడాలి. మన వాళ్ళు నేలమీదే చూస్తూ నడుస్తారు, అదే చిక్కు.

వెతికే విద్యలో మహా పండితులు మన పొరుగునే ఉన్నారు. తమిళనాడు ఇరుళ్ళు పాము వెళ్ళిన గీత, కుబుసం ముక్క, పెంట చూసి అది ఎటు పోయిందో చెబుతారు. మన నెల్లూరు వైపు యానాదులకూ ఆ నేర్పు ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో, పెంచుకోవడానికి తెచ్చి వదిలేసిన బర్మా కొండచిలువలు విపరీతంగా పెరిగిపోయాయి. అక్కడి వాళ్ళు రోడ్ల వెంట వెతికి విసిగిపోయి, 2017లో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళ్ళను పిలిపించుకున్నారు. వాళ్ళు రోడ్డు వదిలి పొదల్లోకి దిగి, రెండు వారాల లోపే 13 కొండచిలువలను పట్టారు. అందులో ఒకటి 16 అడుగులది. 2023లో భారత ప్రభుత్వం ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది. బర్మా పామును అమెరికాలో పట్టడానికి తమిళ పల్లె నుంచి మనుషులు వెళ్ళారు. డిగ్రీ పట్టాలు లేని ఇంజినీర్లు వాళ్ళు.

అయితే పిల్లలూ, ఇది చదివి టార్చి పట్టుకుని బయలుదేరకండి. జోసెఫ్ స్లోవిన్స్కీ సంగతి చెబుతాను. కాలిఫోర్నియా శాస్త్ర సంస్థలో పాముల నిపుణుడు. ఇక్కడి అటవీ శాఖతో కలిసి మయన్మార్ అంతా తిరిగి పాములను నమోదు చేసే పని నడిపించాడు. మండలే ప్రాంతపు ఉమ్మిత్రాచు వేరే జాతి అని 2000లో లోకానికి చెప్పిన ఇద్దరిలో ఈయన ఒకరు. 2001 సెప్టెంబరు 11న కచిన్ రాష్ట్రం ఉత్తరాన ఒక పల్లెలో, సంచిలో ఉన్నది విషం లేని పామే అనుకుని చెయ్యి పెట్టాడు. అది కట్లపాము. పిల్లపాము, వేలి మీద చిన్న కాటు. కొన్ని గంటల్లో ఊపిరి కండరాలు పనిచెయ్యడం మానేశాయి. తోటివాళ్ళు వంతులవారీగా నోటితో ఊపిరి ఊదుతూ ఒక రోజుకు పైగా ఆయన్ను బతికించారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. మరునాడు చనిపోయాడు. వయసు 38. తరవాత వియత్నాంలో దొరికిన ఒక కట్లపాముకు 2005లో ఆయన పేరు పెట్టారు. దాని శాస్త్రనామంలో మొదటి మాట మన "బంగారు", రెండో మాట ఆయన పేరు.

ఇక పెద్దలకు. వానాకాలంలో నీళ్ళు పొంగినప్పుడు పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ళ వైపు వస్తాయి. వరి కోతల రోజుల్లో పొలాల్లో రక్తపింజరి ఎక్కువ. బర్మీయులు దాన్ని "మ్వే బ్వే" అంటారు. ఈ దేశంలో పాము కాటు మరణాలు ఎక్కువగా దాని వల్లే. రక్తం గడ్డకట్టదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇక్కడి పింజరి, మన ఆంధ్రా పింజరి చూడటానికి దగ్గరగా ఉన్నా వేరు వేరు జాతులని 2007 నుంచి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. విషాలు కూడా వేరే. అందుకే ఇక్కడి పాముల విషంతోనే ఇన్సేన్‌లోని ప్రభుత్వ కర్మాగారం గుర్రాల సాయంతో మందు తయారు చేస్తూ వచ్చింది. పింజరికి ఒకటి, త్రాచుకు ఒకటి. ఆకుపచ్చ గుంటపింజరికి మందు థాయ్‌లాండ్ రెడ్ క్రాస్ వాళ్ళు తయారు చేస్తారు. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎవరైనా "ఇండియా మందు తెచ్చి పెట్టుకుందాం" అంటే, దాన్ని నమ్ముకోవద్దని చెప్పండి.

కాటు పడితే మనిషిని కదలనివ్వకండి. కాటు పడ్డ చెయ్యి లేదా కాలు కర్రముక్క ఆసరాతో కదలకుండా కట్టి, మోసుకునో బండి మీదో ఆసుపత్రికి చేర్చండి. ఉంగరాలు, గాజులు, కాలి పట్టాలు వాపు రాకముందే తీసెయ్యండి. బిగించి తాడు కట్టడం, బ్లేడుతో కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం, ఇవేవీ వద్దు. మంత్రం వేయించాలని పట్టుబట్టే పెద్దలుంటే ఆసుపత్రి మంచం పక్కన వేయించమనండి, నాకు అభ్యంతరం లేదు. దారిలో గంట పోవడమే అభ్యంతరం. పామును చంపి తీసుకెళ్ళే ప్రయత్నంలో ఇంకొకరికి కాటు పడుతుంది. దూరం నుంచి ఫోనుతో ఫోటో తీయగలిగితే చాలు. అదీ లేకపోయినా డాక్టర్లకు ఒక సులువైన పరీక్ష ఉంది. కాస్త రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా కారితే పింజరి విషం ఎక్కిందని అర్థం. కట్లపాము కాటు మాత్రం రక్తంలో తెలియదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. నేల మీద పడుకున్నవాళ్ళకు రాత్రి కాటు పడి, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతే ఆలస్యం చెయ్యకండి. నేల మీద పడుకునే ఇళ్ళలో దోమతెర అంచులు పరుపు కిందకి దోపితే దోమా రాదు, కట్లపామూ రాదు.

పిల్లలకు ఇంటిపని: ఇంట్లో తాతయ్యనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి వాళ్ళకు తెలిసిన పాముల పేర్లు తెలుగులో రాసుకురండి. పక్కన బర్మీయులు ఏమంటారో రాయండి, దాని అర్థం కూడా. "పొడ", "రేకు" లాంటి మాటలు ఎవరికైనా తెలిస్తే గీత గీసి పెట్టండి. బొమ్మ వేయగలిగిన వాళ్ళు బొమ్మ కూడా వేయండి, తోక రంగు మాత్రం సరిగ్గా వేయాలి. బడి తెరిచాక మొదటి ఆదివారం అన్నీ కలిపి బోర్డు మీద రాద్దాం.